మన పాటల గాదె

(పట్టణ గ్రంథాలయ వార్షికోత్సవ సందర్భమున పఠనమందిరములో నొక న్యాయవాది చేసిన యుపన్యాసము)



నన్నీ సాయంకాలమున మాటలాడుమని కోరిన కార్యదర్శిగారు విషయమును నా యిష్టమునకే విడిచిపెట్టిరి. న్యాయవాదికి విషయమును విడిచిపెట్టుట సాహసమే. నేను చట్టమును గూర్చి చెప్పుదునని మీలో కొందరును, స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఉద్యమమున వాలంటీరుగా తిరుగువాడను గనుక ఆ ప్రచారమే చేయుదునని మరికొందరును తలచియుందురు. రెండును కొంచెము కొంచెము వచ్చును. కాని నేను ముఖ్యముగా చెప్పదలచినది పాటలను గూర్చి. మన యిండ్లలోని పాటలు ఎక్కడ నిలువ యుండవలెను, ఏ మార్గమున మన చెవికి చేరవలెను, ఆ నిలువకు తాళపుచెవి యెవరి మొలను వ్రేలాడవలెను అన్న సంగతి.

మొదట నా యింటి నష్ట మొకటి మనవి చేయవలెను.

1991వ సంవత్సరము వేసవిలో మా మేనమామ యొక కాసెట్టు రికార్డరును తెచ్చి, మా అమ్మమ్మచేత పదునాలుగు పాటలు పాడించెను. పెండ్లిపాటలు, మంగళహారతులు, దంపుళ్లపాట యొకటి, జోలపాట యొకటి. ఆమె యక్షరములు నేర్చినది కాదు. పాటలన్నియు నోటనే యుండెను. పాడుచు నడుమ నాగి “మరచిపోయానురా” అని నవ్వెడిది. ఆ నవ్వును టేపు మీద పడినది. ఆమె 1998లో గతించినది. 2009లో నేనా కాసెట్టును కంప్యూటరున కెక్కించి ఎం.పి.3 ఫైళ్లుగా చేసితిని. పని ముగిసినదని సంతోషించి, బూజుపట్టిన టేపును ఇల్లు మారునప్పుడు పారవేయనిచ్చితిని. 2013లో నొక రాత్రి ఆ కంప్యూటరులోని డిస్కు టకటకమని కొట్టుకొని ఊరకుండెను. మరమ్మతు దుకాణమువారు దానిని రెండు వారము లుంచుకొని తల యడ్డముగా నూపిరి.

పదునాలుగు పాటలలో నైదు మిగిలినవి. అవియైనను నేను జాగ్రత్తపరుడనై దాచినవి కావు. డల్లాసులో నున్న మా చెల్లెలు తన బిడ్డను నిద్రపుచ్చుటకై యడుగగా ఈమెయిలులో నెప్పుడో పంపినవి. జోలపాట ఆ యైదింటిలో నున్నది, దంపుళ్లపాట లేదు. మా యమ్మకు దానిలో మొదటి రెండు చరణములు వచ్చును. మూడవదానికడ నామెయు నాగిపోవును.

ఈ నేరమునకు ముద్దాయిని నేనే. డిస్కు చేసినవానిది కాదు, బాగుచేయలేనివానిది కాదు. ఒక్క ప్రతిని ఒక్కచోట నుంచి, అసలును పారవైచినవాడు దావా వేయదగినవాడు కాడు.

ఆనాటినుండి నాకీ విషయము వేడుకగా నుండుట మాని బాధ్యతగా మారినది. మిత్రులతో ముచ్చటించునప్పుడు వారనుమాట యొక్కటే: “నెలకింత యని చెల్లించిన ఫోనులో కోట్లకొలది పాటలు వచ్చుచుండగా, ఇంట పెట్టెలు పెట్టుకొని కూర్చుండుట యేల?” ఇది త్రోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. నేనును నెలకింతయని చెల్లించువాడనే. క్రొత్తపాటలు వినుటకు, తెలియని గాయకులను తెలిసికొనుటకు అంతకంటె సులభమైన మార్గము లేదు. అయితే కౌలునకును పట్టాకును భేద మున్నదని న్యాయస్థానపు గుమాస్తా కూడ నెరుగును. నెలసొమ్ము చెల్లించి వినుచున్న పాట కౌలుభూమి వంటిది. పంట మనదే, గట్టు మనది కాదు.

గట్టు మనది కానిచో నేమగునో మూడు దృష్టాంతములు చాలును. మైక్రోసాఫ్టు కంపెనీవారు ఎం.ఎస్.ఎన్. మ్యూజిక్ అను దుకాణమున తాళము వేసిన పాటలను విక్రయించిరి. 2008లో వారు, ఆ యేటి ఆగస్టు 31 తరువాత తాళపుచెవు లిచ్చు సర్వరులను నిలిపివేసెదమని ప్రకటించిరి. అనగా, కొన్నవాడు కంప్యూటరు మార్చినచో తాను డబ్బిచ్చి కొన్న పాట తనకే పలుకదు. జనులు గగ్గోలు పెట్టగా ఆ గడువును 2011 చివరివరకు పొడిగించిరి. మన దేశమున ఫ్లిప్‌కార్టువారి ‘ఫ్లైట్’ అను పాటల దుకాణము 2012లో తెరువబడి 2013లో మూతపడినది. అచ్చటి పాటలకు తాళము లేదు గనుక, గడువులోగా దించుకొన్నవాని యింట నవి నేటికిని నిలిచియుండును. దించుకొననివానికి రశీదు మిగిలినది. 2024లో ఎయిర్‌టెల్‌వారు వింక్ మ్యూజిక్ సేవను ముగించిరి. వీరెవరి మీదను నాకు కక్ష లేదు. వ్యాపారి దుకాణము తెరచును, గిట్టనిచో మూయును, అది వాని హక్కు. పాట వయస్సు దుకాణము వయస్సుకంటె నెక్కువయని కొనువాడే తెలిసికొనవలెను.

ఇక మార్గమును చెప్పెదను. గాదె నెరుగనివారు మనలో తక్కువ. పంట నూర్చి, తూర్పారబట్టి, గాదెలో పోసి, కావలసినప్పుడు అడుగునున్న కన్నము తెరచి ధాన్యము తీసికొందుము. ఇంటి పాటల విషయమునను పని యింతే.

నూర్పిడి యనగా సి.డి.లోని పాటను డిస్కుపైకి చేర్చుట. సి.డి.లో ధ్వని యంకెల రూపమున నుండును. ఒక్కొక్క సెకండునకు 44,100 మారులు ధ్వనిని కొలిచి, ఆ కొలతను 16 బిట్లలో వ్రాసి, కుడి యెడమలకు వేరువేరుగా నుంచిరి. లెక్కవేసినచో సెకండునకు 14,11,200 బిట్లు. గంటకు 63 కోట్లకు పైబడిన బైట్లు. దీనిని అట్లే యుంచవచ్చును గాని ‘ఫ్లాక్’ అను పద్ధతిని కుదించి యుంచుట మేలు. ముందున్న కొలతలనుబట్టి తరువాతి కొలత యెంతయుండునో యూహించి, ఊహకును నిజమునకును గల తేడాను మాత్రము వ్రాసికొనుట దాని కిటుకు. తేడా చిన్నది గనుక చోటు తగ్గును. విప్పినప్పుడు మొదటి యంకెలే ఒక్క బిట్టు తేడా లేక వచ్చును. పాటనుబట్టి సగమో, సగముకంటె కొంచె మెక్కువయో మిగులును. గంటకు 35 కోట్ల బైట్లనుకొన్నచో, ఒక టెరాబైటు డిస్కులో 2,800 గంటల సంగీతము పట్టును. దినమున కొక గంట చొప్పున విన్నను ఏడేండ్లు దాటును.

ఎం.పి.3 వేరు. అది మన చెవి పట్టజాలదని తాను తలచిన భాగమును తీసివేసి తక్కిన దుంచును. సెకండునకు 128 కిలోబిట్ల ఎం.పి.3 అసలులో పదునొకండవ వంతు మాత్రమే. ప్రయాణమున వినుటకు చక్కగా పనికివచ్చును. కాని యది బియ్యమును నూకలు చేయుట వంటిది. నూకలను మరల బియ్యము చేయు రోలు ఇంకను పుట్టలేదు. గాదెలో బియ్యమే యుండవలెను. నూకలు కావలసిననాడు దంచుకొనవచ్చును. నేను 2009లో అమ్మమ్మ పాటలను నేరుగా నూకలుగనే పోసితినని యిప్పుడు మీకు తెలిసియుండును.

ఫ్లాక్ పద్ధతిని నిర్మించినవాడు జాష్ కోల్సన్. 2001లో నది సంపూర్ణరూపమున వెలువడినది. మొదటినుండియు దాని రచన యెల్లరకు తెరచియున్నది. 2024 డిసెంబరులో ఇంటర్నెట్టు ప్రమాణములను ఏర్పరచు సంఘమువారు దానికి ప్రమాణపత్రమును వెలువరించిరి. ఏ కంపెనీ మూతపడినను దీనిని విప్పుట యెట్లో వ్రాసిన కాగితము లోకమున నుండును. దస్తావేజులతో బ్రతుకువాడను గనుక నాకు ముచ్చటగొలుపు మరియొక విశేషము: ప్రతి ఫ్లాక్ ఫైలులోను లోపలి ధ్వనికి సంబంధించిన వ్రేలిముద్ర వంటి యంకె యొకటి చేర్చియుండును. ఇరువదియేండ్ల తరువాత ఫైలును పరీక్షించి, అది చెడినదో లేదో నిశ్చయముగా చెప్పవచ్చును. రిజిస్ట్రారు కచ్చేరిలో నింత నమ్మకమైన నిశానీ నేను చూడలేదు.

కాసెట్టునకు తొందర పనికిరాదు. తొంబది నిమిషముల టేపునకు తొంబది నిమిషములు కూర్చుండవలసినదే. ముందుగా యంత్రపు తలను స్పిరిటుతో తుడిచి, ఒకసారి శుభ్రముగా నెక్కించుకొని, ‘చప్పుడు తగ్గించెదను’ అని ఆశచూపు సాధనములను అసలు ప్రతిపై ప్రయోగింపకుండుట మంచిది. చప్పుడుతోపాటు గొంతులోని జీరయు పోవును. నిమిషమునకు 78 చుట్లు తిరుగు పాత లక్కపళ్లెము లింట నున్నవారికి పని మరింత పెద్దది. తరువాతి రికార్డుల సన్నని ముల్లు వానికి పనికిరాదు. వెడల్పైనది వేరుగా కావలెను. పేరు 78 అయినను ఆ కాలపు యంత్రములన్నియు సరిగా నంతే తిరిగినవి కావు. కావున గాయకుని శ్రుతి తెలిసినవారెవరైన ప్రక్కనుండి వేగమును సరిచూచుట యావశ్యకము. పది యంగుళముల పళ్లెమున నొక ప్రక్క మూడు నిమిషములకు మించి పట్టదు గదా. ఆనాటి విద్వాంసులు ఒక కృతిని మూడు నిమిషములలో నిమిడ్చిన నేర్పు వేరొక యుపన్యాసమునకు తగిన విషయము.

తూర్పారబట్టుట యనగా ఈ విద్యలో పేర్లు పెట్టుట. అన్నిటికంటె నోపిక కావలసిన దిదియే, చెప్పువారు తక్కువ. ప్రతి ఫైలునకును ఒక చీటి తగిలియుండును; దానిని ‘ట్యాగు’ అందురు. ఆ చీటీని కల్పించినవారి మనస్సులో ఆర్టిస్టనగా నొక్కడే: పాట కట్టినవాడును, పాడినవాడును, అట్టమీద బొమ్మ గలవాడును వాడే. మన సినిమాపాట సంగతి యట్లు కాదు. 1957లో వచ్చిన మాయాబజారును తీసికొనుడు. సంగీతదర్శకుడుగా ఘంటసాలవారి పేరు. వరుసలలో కొన్ని సాలూరి రాజేశ్వరరావుగారివి. సాహిత్యము పింగళి నాగేంద్రరావుగారిది. పాడినవారిలో ఘంటసాల, లీల, సుశీల, మాధవపెద్ది సత్యము కలరు. ‘ఆర్టిస్టు’ అను ఒక్క గడిలో నెవరిని కూర్చుండబెట్టెదము? ఇంట నొకడు గాయకుని వ్రాయును, ఒకడు చిత్రము పేరు వ్రాయును, మరియొకడు తెరమీద పెదవులు కదపిన నటుని వ్రాయును. నాలుగేండ్లయిన తరువాత గాదె నిండియుండును, వెదకిన గింజ దొరకదు.

ఇంటిపేరు గొడవ మరియొకటి. కడపటి మాటను వంశనామముగా నెంచి వరుసలో పేర్చుట పశ్చిమదేశముల యాచారము. ఆ యాచారమును నేర్చిన యంత్రమున కప్పగించినచో ఘంటసాల వేంకటేశ్వరరావు, సాలూరి రాజేశ్వరరావు, పెండ్యాల నాగేశ్వరరావు, ఆదినారాయణరావు అందరును ‘రావు’ అను నొకే కుటుంబమువారై ఒకే అరలో చేరుదురు. సగ మాంధ్రదేశ మా యరలోనే కాపురముండును. రోమను లిపి తెచ్చిన చిక్కు వేరు. త్యాగరాజస్వామి పేరును ఒకరు ‘టి’ తరువాత ‘హెచ్’ చేర్చి వ్రాయుదురు, ఒకరు చేర్చరు, ఒకరు చివర ‘ఏ’ అందురు, ఒకరు ‘యు’ అందురు. యంత్రము నలుగురు త్యాగరాజులను లెక్కించును. నా మతమేమనగా, తెలుగువారి పేర్లను తెలుగు లిపిలోనే వ్రాయుట. ఇది యభిమానముచేత చెప్పుమాట కాదు. తెలుగులో నాపేరున కొక్కటే వర్ణక్రమ మున్నది గనుక వెదకుట సులువు. ఫ్లాక్ చీటీలో విలువలను ఏ లిపిలోనైన వ్రాయవచ్చును. గడి పేరు మాత్రము రోమను అక్షరములలో నుండవలెను. క్రొత్త గడులను మనమే చేర్చుకొనవచ్చును గూడ. రాగమునకొకటి, తాళమునకొకటి, వాగ్గేయకారునకొకటి, సాహిత్యకర్తకొకటి పెట్టుకొన్నచో, మోహనరాగమున నా యింట నేమేమి యున్నవని యడిగి యొక్క క్షణములో సమాధానము పొందవచ్చును. ‘మ్యూజిక్‌బ్రెయిన్జ్’ అను పాటల వివరముల పట్టికను లోకమున నెవరైనను దిద్దవచ్చును. మన రికార్డుల పేర్లను అందు సరిగా నెక్కించుట ఈ పఠనమందిరమున కూర్చుండి కళాశాల యువకులు చేయదగిన సేవ.

నిలువకు పెద్ద యేర్పాట్లక్కరలేదు. ఇంటి నెట్‌వర్కునకు తగిలించిన డిస్కుపెట్టెను ‘నాస్’ అని పిలుతురు. అంగడిలో రెండరలవి, నాలుగరలవి దొరకును. కొనుటకు మనసొప్పనివారు మూలబడిన పాతకంప్యూటరును ఆ పనికి నియమింపవచ్చును. దానిలో సర్వరు అను ప్రోగ్రామొకటి యుండి, పాటల చీటీలన్నియు చదివి పట్టిక కట్టుకొని, ఇంటనున్న ప్లేయరు అడిగినప్పుడు పాటను ధారగా పంపుచుండును. ఈ సర్వరునకు పాటల ఫోల్డరును చదువు హక్కు మాత్రమే యిచ్చి, దిద్దు హక్కు నీయకుండుట నా యలవాటు. గుమాస్తాకు దస్తావేజు చూపవలెను గాని కలము చేతి కీయరాదు.

ఇచ్చట పాత్రలు మూడు: పాట నిచ్చునది, పాట పలుకునది, ఆజ్ఞ చేయునది. మీ చేతిలోని ఫోను మూడవది మాత్రమే. పాట ఫోనుగుండ ప్రవహింపదు గనుక నడుమ నెవరైన పిలిచినను పాట యాగదు. ఈ మూటికిని నడుమ మాట కుదుర్చుటకై యనేక కంపెనీలు 2003లో నొక కూటమిగా నేర్పడినవి, డి.ఎల్.ఎన్.ఏ. అని దానికి తరువాత పేరు వచ్చినది. 2017లో నా కూటమి తన్నుతాను విసర్జించుకొన్నను, కుదిర్చిన భాష మిగిలి యంత్రము లింకను దానినే మాటలాడుచున్నవి.

ధార యెంత పెద్దది? పూర్తి సి.డి. ధ్వనికి సెకండునకు 14 లక్షల బిట్లు. ఇంటిలోని సామాన్యపు తీగ పది కోట్ల బిట్లను మోయగలదు. ఎడ్లబండి పట్టుచోట కాలినడకవాడు పోవుట. కావున పాట తెగిపోవుటకు కారణము తీగ యిరుకగుట కాదు. రాక క్రమము తప్పుటయే. గాలిలో పోవు వై-ఫైకి మన పాతయిండ్ల మందపు గోడలు శత్రువులు. వంటింటి మైక్రోవేవు పొయ్యి మరియొక శత్రువు. కాలువలో నీరు హెచ్చుతగ్గులైనను చేనికి సమముగా పారవలెనని తూముకడ తొట్టి కట్టుదుము గదా. అట్లే ప్లేయరులో కొన్ని సెకండుల పాట ముందుగా నిలువయుండును. తొట్టి యెండువరకును వినువానికి తెలియదు. వీలైనచోట తీగ వేయుడు; ఒకసారి గోడకు కన్నము పొడిచినచో పదేండ్లు నిశ్చింత.

రెండు గదులలో నొకే పాట నొకేసారి పలికించుట యింతకంటె సూక్ష్మమైన పని. తిరునాళ్లలో రెండు లౌడుస్పీకర్ల నడుమ నిలుచున్నవారికి ఆ బాధ తెలియును. మంచి సర్వరు ఒక్కొక్క ప్లేయరు గడియారమును కనిపెట్టి, ముందు పోవుదాని నాపి, వెనుకబడినదానిని తోసి, రెంటిని కలుపుచుండును. ఆలాపన ముగిసి కృతి యెత్తుకొనుచోట సి.డి.వారు క్రొత్త యంకె వేయుదురు. చౌక యంత్రములు అచ్చట నరక్షణ మూపిరి బిగబట్టును. తంబుర తెగినట్లుండును. కొనుటకు ముందు దుకాణములో నీ యొక్క పరీక్ష చేయుడు. కలగాపులగముగా వినిపించు మీట మన కచ్చేరీలకు తగదని గూడ మనవి. మంగళము పాడినవెంటనే వర్ణము మొదలగును.

ఇక నా యుపన్యాసమునకు మూలమైన కథ. కాలిఫోర్నియాలో స్లిమ్ డివైసెస్ అను చిన్న కంపెనీని షాన్ ఆడమ్స్ స్థాపించెను. వారు 2001లో స్లింప్3 అను ప్లేయరును చేసిరి. దానిలో డిస్కు లేదు. ఇంటి కంప్యూటరునుండి తీగపై వచ్చు పాటను పలుకుటయే దాని పని. 2003లో స్క్వీజ్‌బాక్సు వచ్చెను. తెలివియంతయు సర్వరులో నుంచి, ఆ సర్వరు రచనను స్వేచ్ఛా లైసెన్సుతో లోకమునకు తెరచిరి. ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును, దిద్దినదానిని పంచవచ్చును. 2006లో లాజిటెక్ కంపెనీ దానిని కొనెను. 2012లో ఆ ప్లేయర్ల నమ్మకమును నిలిపివేసెను. 2024లో, ఇంటర్నెట్టు రేడియోలు మొదలగువానికై కంపెనీ నడుపుచుండిన సేవయు మూతపడెను.

వేరొక యంత్రమైనచో కథ యక్కడ ముగిసి, పెట్టెలు పాతసామానులవాని తట్టలో చేరెడివి. అట్లు జరుగలేదు. ఇంటి సర్వరు ఇంటనే యున్నది. దాని రచన వాలంటీర్ల చేతులలో నున్నది. వారు దానిని దిద్దుచు వచ్చి, 2024లోనే లిరియన్ మ్యూజిక్ సర్వరు అను పేర కొనసాగించిరి. ఇరువదియేండ్ల క్రిందటి ప్లేయరు నేటి సర్వరుతో మాటలాడుచున్నది. క్రొత్తది కావలసినవారికి 2012లో, ఆ ప్లేయర్లాగిన యేడే, రాస్ప్‌బెర్రీ పై అను అరచేతి కంప్యూటరు విపణికి వచ్చెను; స్క్వీజ్‌లైట్ అను ప్రోగ్రామును దానిపై నడపినచో నదియే ప్లేయరగును. మా హాలులో పలుకునది అట్టిదే. అమ్మినవాడు విడిచినను కొన్నవాడు అనాథ కాలేదు. లైసెన్సులోని నాలుగు పంక్తుల బలము దావాలో కూడ నింత స్పష్టముగా నేనెన్నడు చూచియుండలేదు.

చట్టమును గూర్చి క్లుప్తముగా. సి.డి. కొన్నవాడు ప్రతికి యజమాని గాని పాటకు యజమాని కాడు. అయినను 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టము 52వ సెక్షను సొంతపు, వ్యక్తిగతపు ఉపయోగమునకై న్యాయమైన వాడుకను మినహాయించినది. పూర్వ మా మినహాయింపు సాహిత్య, నాటక, సంగీత, కళాకృతులకు మాత్ర ముండగా, 2012 సవరణతో కంప్యూటరు ప్రోగ్రాములు తప్ప తక్కిన యన్ని కృతులకును విస్తరించినది. ఆ పనికై ఎలక్ట్రానిక్ సాధనములో నిలువచేయుటయు ఉల్లంఘన కాదని వివరణ చేర్చిరి. కావున మీ సి.డి.ని మీ యింటి గాదెలో పోసికొని మీరు వినుట కిది మంచి యాధారము. కాని యూరివారందరికి పెన్‌డ్రైవులలో పంచుట ఆ గొడుగు క్రిందికి రాదు. రక్షణకై వేసిన తాళమును ఉల్లంఘనోద్దేశముతో విరుగగొట్టుట 65-ఏ సెక్షను క్రింద వేరే నేరము.

గడువు లెక్క యొకటి యున్నది. రికార్డింగునకు హక్కు, ప్రకటితమైన మరుసటి యేటి మొదటినుండి 60 ఏండ్లు. 1957 నాటి రికార్డింగుపై హక్కు 2017 చివర తీరినది. కాని పాటలోని సాహిత్యమునకు గడువు కవి మరణమునుబట్టి నడచును. పింగళివారు 1971లో గతించిరి గనుక ఆయన సాహిత్యమునకు 2031 చివరివరకు రక్షణ యున్నది. ఒకే పాటలో నొక హక్కు చచ్చియు, ఒకటి బ్రదికియు నుండును. పాతపాట కదా యని దానిని నెట్టున పెట్టబోవువారు ముందుగా నీ రెండు లెక్కలును వేసికొనవలెను.

భద్రతను గూర్చి రెండు మాటలు. సర్వరును ఇంటి వెలుపలికి తెరచియుంచకుడు. లిరియన్‌కు 9000 అంకెగల ద్వారము వాడుక. రూటరులో దానిని బయటివారికి తెరచినచో వీధితలుపు తెరచి తీర్థమునకు పోవుటయే. మన యూళ్లలో కరెంటు పోవుటయు, వచ్చునప్పుడు కొట్టుటయు తెలిసినదే. డిస్కు వ్రాయుచుండగా కరెంటు పోయినచో దాని పట్టిక చెడవచ్చును, చిన్న యు.పి.ఎస్. తప్పనిసరి. పెట్టెను అటక మీద నుంచకుడు; మే నెలలో నచ్చట మనుష్యుడే నిలువలేడు.

రెండు డిస్కులను జోడుగా కట్టి, ఒకదానిపై వ్రాసినది రెండవదానిపై నప్పుడే పడునట్లు చేయు నేర్పాటు కలదు. చాలమంది దానిని చూచి నిశ్చింతగా నిద్రింతురు. ఒక డిస్కు చచ్చినచో నది కాపాడును, నిజమే. కాని మీ పిల్లవాడు పొరపాటున నొక ఫోల్డరును చెరిపినచో నాక్షణముననే రెండవ డిస్కులోను చెరిగిపోవును. జోడు సాక్షులు గావు. ఒకే సాక్షి రెండుమారులు సంతకము చేసినట్లు. నా యింట నిప్పుడు మూడు ప్రతులున్నవి. ఒకటి పెట్టెలో, ఒకటి బీరువాలో, తీగ పెరికి, మూడు నెలల కొకమారు తీసి వ్రాసి మరల పెట్టునది, ఒకటి డల్లాసులో చెల్లెలి యింట. ఆమె తన ప్రతిని నావద్ద నుంచినది. అడుగకయే ఒకసారి కాపాడినదానికి అడిగి అప్పగించుట న్యాయమని తోచినది.

అమ్మమ్మ పాటలైదును ఆ మూడుచోట్లను గలవు. చీటీలో పాడినవారి గడిలో నామె పేరు పూర్తిగా వ్రాసితిని. వరుస కట్టినవారి గడిని ఖాళీగా నుంచితిని. మా యమ్మకు జ్ఞాపకమున్న దంపుళ్లపాట రెండు చరణములను గూడ పోయిన సంక్రాంతికి రికార్డు చేసితిని. గోదావరిజిల్లా వైపున నింకెవరి నోటనైన మూడవ చరణ మున్నదేమోనని విచారించుచున్నాను.

వచ్చు ఆదివారము ఉదయము తొమ్మిది గంటలకు ఈ పఠనమందిరమందే నా చిన్నయంత్రమును తెచ్చి పని యెట్లు చేయునో చూపెదను. ఇంట కాసెట్టులున్నవారు వానిని తీసికొని రండు; సి.డి.లు మరియొకనాడు చూచుకొనవచ్చును, అవి యింకను కొన్నాళ్లు నిలుచును. కాసెట్టు పలికించు యంత్రము నావద్ద నొకటే పనిచేయుచున్నది. దాని రబ్బరు బెల్టు వదులగుచున్నది.